సున్న ముద్ర

నీటినే నెలవు చేసుకొన్న నారాయణా! చూడడమే కొలువైన చోట ముప్పై ఏళ్లు కన్ను తెరవని ఒక మనిషి కథ చెప్పబోతున్నాను. నా నోట ధర్మం దాటిన మాట రానీయకు.

సోమవారం పదిన్నరకు పెద్దగుమాస్తా స్టాంపుప్యాడు మూత తీశాడు. అంటువ్యాధుల పరీక్షాశాల నుంచి వారం వారం పైకి వెళ్లే నివేదికలో కలరాకొక గడి ఉంది. రోగులు లేకపోయినా అందులో సున్న పడాలి. ఆ సున్న చుట్టడం కూడా చేతికి బరువై, ఆయన రబ్బరు ముద్ర చేయించుకున్నాడు. చాటున అందరూ 'సున్నగారు' అనేవారు. నలగని చొక్కా, కాయలు కాయని వేళ్లు. దాన్నే అనుభవమనుకొనేవాడు.

పరీక్షలు చేసే అమ్మాయి గాజుపళ్లెంతో వచ్చింది. ఆకుపచ్చ జెల్లీ మీద పసుపు చుక్కలు.

"మూడు శాంపిళ్లు సార్. మూడూ కలరాయే, ఒకే వీధి. ఇవాళ అంకె వెళ్తే ఇవాళే కుళాయిలు ఆపేస్తారు."

"తనిఖీ కూడా వస్తుందమ్మా. మళ్లీ చెయ్యి, వచ్చే వారం చూద్దాం."

"రెండుసార్లు చేశాను. పోనీ, అడ్రసైనా చదవండి."

"ఈ కుర్చీలో ముప్పై ఏళ్లు. ఒక్క అంకె పడలేదు. నువ్వొచ్చి మచ్చ తెస్తావా?"

"మచ్చ కాదు సార్, మనుషులు."

టప్పుమని ముద్ర పడింది. పొట్ట కోస్తే అక్షరం లేనివాడు కాదు; అక్షరం ఎదుటికొచ్చినా కన్నెత్తి చూడనివాడు. చూసి ఉంటే ఆ అడ్రసులో తన వీధే కనబడేది. అమ్మాయి నీళ్ల ఆఫీసుకు ఫోను చేసింది. కాగితం రానిదే కుళాయిలు ఆపేది లేదన్నారు.

సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది: "ఏవండీ, పక్కింటి వదినకి పొద్దుట్నుంచీ వాంతులట. నీళ్లు కాచనా?"

"మా ఆఫీసులోనే సున్న! నీ కంగారొకటి," అని గ్లాసెడు కుళాయి నీళ్లు గటగటా తాగాడు. ఆమె తన వరకు చప్పుడు చేయకుండా కాచుకుంది.

గురువారం మధ్యాహ్నానికి ఆయన లేడు.

మరుసటి సోమవారం అమ్మాయి ఆ గడిలో పదకొండు అని రాసింది. అందులో ఒకటి ఆయనది. ముప్పై ఏళ్ల కొలువులో ఆయన లెక్కకు వచ్చింది ఆ ఒక్కసారే. కుళాయిలు ఆ రోజే ఆగాయి.

ఈ కథ విన్నవారందరి కుండల్లో నీరు తేటగా ఉండుగాక. వారి పేరున్న కాగితం మీద ఒక్క కన్నైనా వాలుగాక. సొరుగులో ఆ ముద్ర మాత్రం వెల్లకిలా పడి ఉంది, దాహంతో తెరిచిన నోరులా గుండ్రంగా.