గాలి బాగుందన్న నోరు

కృపాకుమారి ఎర్ర పెట్టె తెరిచింది. చెడుగాలి ఉంటే కూత పెట్టే గ్యాస్ మీటరు అందులో లేదు.

తలెత్తి చూసింది. పద్నాలుగడుగుల గుంట అంచున కుళ్ళాయప్ప నడుముకు తాడు బిగించుకుంటున్నాడు. ఆమె ఇచ్చిన మాస్కు మెడలో వేలాడుతోంది. ముక్కుకు తడి టువ్వాలు చుట్టుకున్నాడు. దూరంగా లారీ నీడలో వాళ్ల నాయన పుల్లన్న లాంతరు వెలిగించి దానికి తాడు కడుతున్నాడు.

తాడిపత్రి అవతల ఆ పురుగుమందుల ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయింది. నేలలోకి ఇంకిన విషాన్ని మట్టితో సహా తవ్వి లారీల్లో పంపేయాలి. తవ్వేవాళ్లకు ఏమీ కాకుండా చూడటం కృపాకుమారి ఉద్యోగం. ఆమె అంటే అక్కడ ఎవరికీ గిట్టదు. మాస్కు తీయొద్దంటుంది, బీడీ వెలిగించొద్దంటుంది. మొదటిరోజు మీటరు చూసి గాలి బాగుందని చెబితే పుల్లన్న వెటకారమాడాడు. బావులు తవ్వేవాళ్లలో ఒక కట్టుబాటు ఉందట, గాలి బాగుందన్న నోరే ముందు దిగాలట. ఆమె నిచ్చెన దిగి, పది నిమిషాలు అడుగున నిలబడి వచ్చింది. అయినా నవ్వారు.

నిన్న మీటరు రెండుసార్లు కూత పెట్టింది. రెండుసార్లూ ఆమె పని ఆపించింది. మేస్త్రి ఆదెన్న అందరి ముందూ ఆమెను తిట్టిపోశాడు. ఈ ఉదయం జేసీబీ పన్ను తగిలి, గుంట అడుగున పాతిపెట్టిన డ్రమ్ము ఒకటి చిట్లింది. పైకి లాగేందుకు దానికి గొలుసు తగిలించాలంటే మనిషి దిగాల్సిందే.

మీటరు ఏమైందని ఆమె ఆదెన్నను నిలదీసింది.

"ఎండకు కరిగిపోయింటాది," అన్నాడు ఆదెన్న. జనం నవ్వారు. "పుల్లన్న దీపం ఉండాది గదా. గాలి బాగుండాది. కానీండప్పా."

పుల్లన్న లాంతరు పట్టుకుని బయలుదేరాడు. పాడుబావిలో మనిషి కంటే ముందు దీపం దించడం అతని నలభై ఏళ్ల అలవాటు. ఆరితే చెడుగాలి. ఆరకపోతే దిగొచ్చు.

కృపాకుమారి పరుగున వెళ్లి అతనికి అడ్డం నిలబడింది. ఇది బావి కాదని, డ్రమ్ములోంచి లేస్తున్నది పెట్రోలు ఆవిరిలాంటిదని, దీపం ఆరడం మాట అటుంచి గుంటంతా భగ్గుమంటుందని, అంచున ఉన్న కొడుకు ముందు కాలిపోతాడని గబగబా చెప్పింది.

"నువ్వు పుట్టకముందే నూరు బావులు దిగినా పాపా. జరుగు."

పక్కకు నెట్టి రెండడుగులు వేశాడు.

"పుల్లన్నా, గాలి బాగుందని ఇప్పుడు అన్నదెవరు?"

అతను ఆగాడు.

"నీ కట్టుబాటు నాకొక్కదానికేనా?"

పుల్లన్న మెల్లగా ఆదెన్న వైపు తిరిగాడు. "నిజమే. నువ్వే అంటివి మేస్త్రీ. దిగు."

ఆదెన్న నవ్వాడు. ఈసారి ఎవరూ కలవలేదు. "నాకు బీపీ ఉండాది గదప్పా."

"దీపానికి బీపీ తెల్దు. దిగు."

ఆదెన్న కాలు ఒకడుగు వెనక్కి పడింది, తన జీపు వైపు. పుల్లన్న ఆ కాలునే చూశాడు. లాంతరు తీసుకుని లారీల అవతలికి నడిచి, అక్కడ ఆర్పేశాడు.

మీటరు ఎవరు దాచారో అర్థమై కృపాకుమారి ఆ జీపు సీటు కింద చెయ్యి పెట్టింది. గోనెపట్టాలో చుట్టిన మీటరు దొరికింది. ఆన్ చేసి గుంట వైపు నడిచింది. అంచు ఇంకా పదడుగుల దూరం ఉండగానే అది చెవులు చిల్లులు పడేలా కూసింది. కుళ్ళాయప్పను తాడు పట్టి వెనక్కి లాగేసింది. అతను కూలబడి టువ్వాలు ఊడబీకి పారేశాడు.

పుల్లన్న ఆమెను కొరకొర చూశాడు. "ఆవిరీ గీవిరీ అంటావు. కట్టుబాటు మాట ముందే అనింటే సరిపోతాండె."

కొడుకు నడుముకున్న తాడు విప్పి, తీసుకుపోయి ఆదెన్న కాళ్ల ముందు విసిరేశాడు.

"కట్టుకో మేస్త్రీ. గాలి ఎప్పుడు బాగుంటాదో నువ్వే చెప్పు. అందాకా ఈడ ఎవడూ దిగడు."