పదకొండు పేజీలు

నా భార్య ఆసిమా లాప్‌టాప్ మహెక్‌కు చేరాలి. అది ఆసిమా ఇచ్చిన మాట. మహెక్ ఆమె చెల్లెలి కూతురు, నన్ను ఖాలూ, అంటే పెదనాన్న, అని పిలుస్తుంది. ఇంజినీరింగ్ అయిపోయి ఏడాదిగా ఉద్యోగం వెతుక్కుంటోంది. "నీకు ఇంటర్వ్యూ వచ్చిన రోజు నా లాప్‌టాప్ నీదే" అని ఆసిమా రంజాన్ నెలలో అందరి ముందూ అంది. ఇంటర్వ్యూ వచ్చేసరికి ఆమె పోయి యాభై రోజులు.

శనివారం పదకొండింటికి, ఇంట్లోంచే ఇంటర్వ్యూ. కెమెరా, మైకు పనిచేయాలి. ఆ కంపెనీ పెట్టే పరీక్ష విండోస్‌లోనే తెరుచుకుంటుందట. ఆసిమాది పాత మ్యాక్, ఆమె తమ్ముడు వాడి ఇచ్చింది. పాఠాలకు బొమ్మలు చేసుకునే ప్రోగ్రాం విండోస్‌ది కాబట్టి, ఆ మ్యాక్‌లోనే ఒక పక్కన విండోస్ పెట్టుకుని ఆరేళ్లు నెట్టుకొచ్చింది. మేమిద్దరం పరకాల దగ్గర ఒకే హైస్కూల్లో టీచర్లం. ఆమె సైన్స్, నేను తెలుగు.

సోమవారం తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. మా పెళ్లి తేదీ కొట్టాను. కాదంది. ఆమె పుట్టినరోజు, బడి పేరు, చివరికి కాస్త ఆగి నా పేరు. అదీ కాదంది. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఏ మాట పెట్టుకుంటుందో నాకు తట్టలేదు.

సుబేదారిలో కంప్యూటర్లు బాగుచేసే షకీల్ దుకాణానికి తీసుకెళ్లాను. అతను మూత తెరిచి నవ్వాడు.

"ఒళ్లేమో మ్యాక్‌ది, పానమేమో విండోస్‌ది. ఈ సంసారం ఇన్నేండ్లు ఎట్ల నడిచింది సార్?"

"నడిపింది. పాస్‌వర్డ్ తెలియదు."

"ఫికర్ చెయ్యకుండ్రి. మొత్తం కొట్టేసి కొత్త విండోస్ ఎక్కిస్త. పాస్‌వర్డ్ లొల్లే ఉండది. పెన్‌డ్రైవ్ ఉన్నదా?"

ఆసిమా లాప్‌టాప్ సంచీ జేబులో ఒకటి ఉంది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది. తీసి ఇచ్చాను. అందులో ఏముందని అతను అడగలేదు. నేనూ చూడలేదు.

మంగళవారం సాయంత్రం లాప్‌టాప్ కోసం దుకాణానికి వెళ్లాను. తెర వెలిగింది, అంతే. వైఫై లేదు. శబ్దం లేదు. కెమెరా అనేదొకటి ఉన్నట్టే దానికి తెలియదు. షకీల్ మొహం కూడా మారింది.

"మ్యాక్ పార్టులు గుర్తుపట్టాలంటే విండోస్‌కు వేరే డ్రైవర్లు కావాల్నట సార్. అవి మ్యాక్ దిక్కునుంచే దింపుకోవాల్నట. ఆ దిక్కు నేను కొట్టేసిన."

"ఇంకెక్కడా దొరకవా?"

"నెట్ల దొరికినయి ఎక్కిచ్చి సూసిన, పట్టుకుంటలేవు. మేడం కాపీ తీసి పెట్టుకోలేదా? శాన మంది పెన్‌డ్రైవ్‌ల పెట్టుకుంటరు."

ఎర్ర దారం అతని బల్ల మీదే ఉంది. ఆ పెన్‌డ్రైవ్‌ను తుడిచేసి, విండోస్ నింపి, దానితోనే లాప్‌టాప్‌ను తుడిచేశాం. ఇద్దరం దారం వైపు చూశాం. అతను పైసలు వద్దన్నాడు. నేను పట్టుబట్టి ఇచ్చి, లాప్‌టాప్ తీసుకుని వచ్చాను.

"వద్దులే ఖాలూ, దోస్తుది అడుగుత" అంది మహెక్ ఫోన్లో.

"మీ ఖాలా మాట ఇచ్చింది."

"ఖాలా ఉంటే వేరు."

ఆ మాట ఆమె నొప్పించడానికి అనలేదు. నిజమే చెప్పింది. ఆసిమాకు ఈ బాధలన్నీ తెలుసు. ఒక్కో అప్‌డేట్‌కు ఒక్కోటి మూగబోతే, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఏదో రాసుకుంటూ, మళ్ళీ పలికించేది. ఆ నోట్‌బుక్ గుర్తొచ్చింది. అట్టకు నీలం కాగితం వేసి ఉండేది. అది ఇంట్లో లేదు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక పోయినవాళ్ల వస్తువులు పంచేస్తాం. చీరలు, పుస్తకాలు ఒక సంచీలో పెట్టి మా బడిలో మధ్యాహ్న భోజనం వండే సమ్మమ్మకు ఇచ్చాను. ఆ పుస్తకాలు ఏమిటో ఒక్కోటీ విప్పి చూసే ధైర్యం ఆ రోజు లేదు. "ఇవి ఆసిమా పేరు మీద ఇస్తున్నాం. ఇక ఇవి మావి కావు" అని మాత్రం చెప్పాను.

బుధవారం అడిగితే గురువారం సమ్మమ్మ నోట్‌బుక్ తెచ్చింది. కొంగులో చుట్టి తెచ్చింది.

"సూస్కోండ్రి సారూ. గని తీస్కపోతనంటే మాత్రం ఇయ్య."

"ఎందుకు?"

"మీరే అన్నరు గదా, ఆమె పేరు మీద ఇచ్చింది ఇగ మాది కాదని. ఇచ్చింది మళ్ల గుంజుకుంటే మేడంకు ముడ్తదా?"

"నీకు చదువు రాదు కదా సమ్మమ్మా. నీకు ఇదెందుకు?"

"నాకు రాదు. మా మనుమరాలు మేడం రాత మీద దిద్దుతాంది. గుండ్రంగ ఉంటదట. మీ రాత తీర్గ కోడి గీకినట్టు ఉండదట."

పప్పు గుత్తితో మెదుపుతున్న ఇంకో వంటమనిషి కళావతి నవ్వింది. "ఫోన్ల ఫొటో తీస్కోరాదుండ్రి సారూ, ఐపాయె" అంది.

తీసుకోవచ్చు. రాస్తేనే తలకెక్కుతుందని ఇన్నేళ్లుగా పిల్లలకు చెప్పినవాణ్ని. వంటశాల గడప మీద కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టాను.

ఆమె రాత ఒకే పద్ధతిలో ఉంది. ప్రతి పేజీలోనూ పైన మూడు ప్రశ్నలు. ఏం పనిచేయడం లేదు? ఎప్పటి నుంచి? అంతకు ముందు ఏం మారింది? కింద ఏం చేసి చూసిందో, ఏది ఫలించిందో. "శబ్దం రావడం లేదు. మంగళవారం నుంచి. సోమవారం అప్‌డేట్ అయింది." "టచ్‌ప్యాడ్ నొక్కితే పలకడం లేదు. నిన్న ఉదయం నుంచి."

మూడో పేజీ దగ్గర నా చేయి ఆగింది. ఆసిమా పోయిన శనివారం ఉదయం దవాఖానలో డాక్టర్ నన్ను అడిగింది కూడా ఇదే. "నొప్పి ఎప్పటి నుంచి?" నేను నిన్నటి నుంచేమో అన్నాను. ఆమెకు అప్పటికింకా మాట్లాడే శక్తి ఉంది, నా వైపు చూసి, "మంగళవారం నుంచి" అంది. మంగళవారం అన్నం దగ్గర ఎడమ భుజం లాగుతోందని నాకు చెప్పింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బామ్ రాసుకోమన్నాను. గురువారం మళ్ళీ చెప్పింది. గ్యాస్ అన్నాను. ఒక యంత్రం మూగబోతే ఆమె అడిగిన ఆ మూడింటిలో ఒక్కటైనా నేను ఆమెను అడగలేదు.

పిల్లలు పళ్లాలు కడుగుతున్నారు. మళ్ళీ రాశాను.

ఆరో పేజీలో కావలసింది దొరికింది. "మ్యాక్ పక్కను చెరపకూడదు. పొరపాటున పోతే: కమాండ్, ఆప్షన్, ఆర్ మూడూ నొక్కి పట్టి ఆన్ చేయాలి. భూగోళం తిరుగుతుంది. నెట్ నుంచి మ్యాక్ మళ్ళీ దిగుతుంది. అక్కడి నుంచి విండోస్, డ్రైవర్లు. కనీసం ఒక పూట. బ్యాటరీ నిలవదు, ప్లగ్ కదపకూడదు."

దాని కిందే ఇంకో వాక్యం ఉంది, వేరే సిరాతో. "ఈయన ప్లగ్ తీశారు. మళ్ళీ మొదటి నుంచి."

పుస్తకం మొత్తంలో నా ప్రస్తావన అదొక్కటే. వదిలేసి తరువాతి వాక్యానికి పోవచ్చు, పనికి అది అవసరం లేదు. పిల్లలు చూచిరాతలో వాక్యం వదిలేస్తే మార్కు తీసేస్తాను. రాశాను. మొత్తం పదకొండు పేజీలైంది. నోట్‌బుక్ సమ్మమ్మ చేతికిచ్చాను. ఆమె మళ్ళీ కొంగులో చుట్టుకుంది.

శుక్రవారం సెలవు పెట్టాను. మూడు మీటలూ నొక్కి పట్టాను. భూగోళం తిరిగింది. జుమా నమాజుకు వెళ్లి వచ్చేసరికి మ్యాక్ దిగింది, సాయంత్రం అసర్ నమాజు వేళకు విండోస్. డ్రైవర్లు ఎక్కుతుంటే ముందు వైఫై వచ్చింది, తరువాత శబ్దం. "టంగ్" అని మోగింది. ఆరేళ్లు పక్క గదిలోంచి నన్ను విసిగించిన శబ్దం. జాబితాలో కెమెరా పేరు పక్కన మాత్రం, పనిచేయడం లేదన్న పసుపు త్రికోణం నిలిచిపోయింది. పదో పేజీలో దానికీ ఉంది: ఆ డ్రైవర్ తీసేసి, సెటప్‌లో "రిపేర్" నొక్కి, మళ్ళీ ఆన్ చేయాలి. చేశాను. తెర మీద ఒక మనిషి కనిపించాడు. గడ్డం మాసి ఉంది. వెంటనే మూసేశాను.

ఆమె చేసిన బొమ్మలు, పాఠాలు ఒక్కటీ మిగల్లేదు. లాప్‌టాప్‌లో మాత్రం అన్నీ పనిచేస్తున్నాయి.

శనివారం పదకొండింటికి మహెక్ మా ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంది. గోడకున్న సాకెట్ వదులు, ప్లగ్ తనంతట తనే జారుతుంది. కెమెరాకు కనబడకుండా నేల మీద కూర్చుని నలభై నిమిషాలు దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాను. వాళ్లు ఏం అడిగారో, ఆమె ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు. వేలు తిమ్మిరెక్కింది. చేయి మార్చలేదు.

మంగళవారం ఆమె మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఒక ముక్క నా నోట్లో పెట్టింది, నమిలాను. లాప్‌టాప్ సంచీలో సర్ది, పైన నేను రాసిన కాగితాలు పెట్టాను. పిన్ను కొట్టిన పదకొండు పేజీలు. మహెక్ తీసి తిరగేస్తూ ఆరో పేజీ దగ్గర ఆగింది.

"ఖాలూ, ప్లగ్ మీరు తీసిన్రా?"

"తీశాను."

"ఎందుకు?"

"నా ఫోన్ ఛార్జింగ్‌కు."

"ఖాలా ఏమన్నది?"

"ఏమీ అనలేదు" అన్నాను. "మళ్ళీ మొదలుపెట్టింది."