వర్షిత కనిపించని మధ్యాహ్నం

శనివారం మూడింటికి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో ఆఫీసు మీటింగు ముగించి గదిలోంచి బయటికొచ్చిన పుణ్యవతికి వర్షిత కనిపించలేదు. టీవీ నడుస్తోంది. వీధి తలుపు తీసుంది.

ఎనిమిదేళ్ల పిల్ల. తండ్రి లేడు. తల్లి భూలక్ష్మి పాలమూరు నుంచి వచ్చి నల్లగండ్లలో కొత్త బిల్డింగుల దగ్గర కూలి చేసేది. ఆమె క్షయతో దవాఖానలో చేరాక, పిల్లల సంక్షేమ కమిటీ వర్షితను పుణ్యవతి, శ్యామ్ దంపతులకు అప్పగించింది. తల్లి కోలుకునేదాకానే. వచ్చి ఐదు నెలలైంది.

లిఫ్టు కోసం ఆగలేక పుణ్యవతి ఆరంతస్తులూ మెట్ల మీదే దిగింది. పార్కులో లేదు. ఈతకొలను వైపు వెళ్లాలంటే భయమేసింది. అయినా వెళ్లి చూసింది. అక్కడా లేదు. ఊపిరి పీల్చుకుంది.

"పాప పోయి అర్ధగంట అయితదమ్మా," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ వీరేశం. "సారు బయట నిలబడ్డడని చెప్పింది. పోనిచ్చిన."

శ్యామ్ మియాపూర్‌లో ఉన్నాడు. పుణ్యవతి ఫోన్ చేసి చెప్పగానే అతనూ కంగారుపడ్డాడు.

"అప్పుడే ఆఫీసరుకి చెప్పకు. ముందు మనం వెతుకుదాం. తెలిస్తే పిల్లని తీసుకుపోతారు."

"పోతే పోనివ్వండి. ముందు పిల్ల దొరకాలి కదండీ!"

ఫోన్ పెట్టేసి, కమిటీ తరఫున వర్షిత బాగోగులు చూసే అధికారి రజితకు ఫోన్ చేసింది. తిట్లకు సిద్ధపడింది. రజిత తిట్టలేదు. ఫైలు తిరగేసి, భూలక్ష్మి ఇదివరకు ఉన్న రేకుల షెడ్డు రైలు పట్టాల అవతలని చెప్పింది.

ఆటో దిగి పుణ్యవతి పరిగెత్తింది. వరసగా ఉన్న షెడ్లలో చివరిదాని ముందు వర్షిత మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది.

"ఈ తాళం మాది కాదు," అంది, తలెత్తకుండా. "వేరేటోళ్లు ఉంటున్నరు."

"చెప్పకుండా ఎందుకొచ్చావే తల్లీ?"

"అమ్మ వస్తే గీడికే వస్తది. మీ ఇల్లు ఆమెకు తెల్వది గద. నేను లేకుంటే పరేషాన్ అయితది."

ఐదు నెలల్లో పుణ్యవతి పాలు, హోంవర్కు, జ్వరం అన్నీ చూసింది. ఈ భయం తన కంట పడనే లేదు. మట్టిలోనే పక్కన కూలబడింది. కాసేపటికి పిల్ల ఆమె భుజానికి ఆనుకుంది.

కమిటీ వాళ్లు గట్టిగానే మందలించారు. దాచకుండా చెప్పినందుకు పిల్లను పుణ్యవతి దంపతుల దగ్గరే ఉంచారు. వర్షితను తల్లికి చూపించమని రజిత పట్టుబట్టింది. జబ్బు అంటుకునే దశ దాటిందని డాక్టరు చెప్పాక, పుణ్యవతి, శ్యామ్, వర్షిత ముగ్గురూ దవాఖానకు వెళ్లారు.

మంచం మీద భూలక్ష్మి కూతుర్ని చాలాసేపు వదల్లేదు. తర్వాత పుణ్యవతిని అడిగింది:

"సతాయిస్తదా అక్కా?"

"సతాయిస్తుంది," అంది పుణ్యవతి. ఇద్దరూ నవ్వారు.

"రెండు నెలల్ల పంపిస్తమన్నరు. ఇగ నా బిడ్డ నా తాననే ఉంటది."

"మంచిదేగా," అంది పుణ్యవతి. తల్లీబిడ్డల్ని వదిలి బయటికొచ్చి, వరండాలో బెంచీ మీద శ్యామ్ పక్కన కూర్చుంది. "ఇంక రెండు నెలలేనండీ మన దగ్గర," అంది.