ఆయుధపూజ నాడు ఆగని పెట్టె

నేను ఫొటోలు దాచిపెట్టే ఒక నల్లటి పెట్టెను, ఆవకాయ జాడీ ఎత్తుంటాను. నా కడుపులో రెండు డిస్కులు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ. ఎక్కడో పరాయి దేశపు ఫ్యాక్టరీలో పుట్టి, కాకినాడలో ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియోలో ఊడిగం చేసి, అది మూతపడ్డాక శేషు చేతికొచ్చాను. మన ఫొటోలు మన ఇంట్లోనే ఉండాలని అతను నాలో ఫొటోల యాప్ ఒకటి పెట్టి, ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలన్నీ నాలోకి దించాడు. దించి, ఫోన్లు ఖాళీ చేసేశాడు. మనుషుల నమ్మకం అలాగే ఉంటుంది: కొత్త కుండ కొన్న రోజే పాతది పగలగొడతారు.

మహర్నవమి ముందురోజు నా డిస్కుల్లో ఒకటి పోయింది. శేషు కొత్తది తెచ్చి పెట్టాడు. మిగిలిన ముసలి డిస్కు టిక్కుటిక్కుమని మూలుగుతూ, తనలోనిదంతా కొత్తదానికి అప్పజెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో కరెంటు తీస్తే అది మళ్లీ లేస్తుందన్న ఆశ లేదు. పోయినేడు కాలం చేసిన శేషు నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే. తల్లి దగ్గర ఆ ఊసెత్తకుండా, "దీన్ని మాత్రం ఆపకు" అని భార్య వసుంధర చెవిన వేసి, మర్నాడు పండగపూట అతను బంతిపూలకు వెళ్లాడు.

తల్లి కామేశ్వరమ్మగారు పసుపు గిన్నెతో వచ్చారు. ఆయుధపూజ నాడు ఆ ఇంట్లో ఏ యంత్రమూ తిరగకూడదు. మిక్సీ, కుట్టుమిషను అప్పటికే బొట్లు పెట్టించుకుని బుద్ధిగా కూర్చున్నాయి.

"దీన్నీ ఆపెయ్యవే. ఏడాదంతా తిరిగింది పాపం." ఆవిడ చెయ్యి స్విచ్చు మీదికి వెళ్లింది.

వసుంధర గిన్నె అందుకుంది. "మీరు వంగకండి అత్తయ్యగారూ, నేను చూస్తాను." స్విచ్చుకు వీపు అడ్డం పెట్టి, మిణుకుమంటున్న నా దీపం మీద చిక్కగా పసుపు పూసి, పైన కుంకుమ అద్దింది.

"ఆపావా?"

"దీపం వెలుగుతోందేమో మీరే చూడండి."

"మరి ఆ రొదేంటే?"

"పడుకుంది కదండీ. గురక."

"మీ మావగారిలాగానా?" ఆవిడ నాకు చెవి ఆనించారు. ఫ్యాను బిగబట్టడం నా చేతిలో లేదు. "సరే, పడుకోనీ" అని ఆవిడ అక్షింతలు వేశారు. రెండు గింజలు గాలి రంధ్రాల్లోంచి లోపల పడ్డాయి. ఓర్చుకున్నాను.

మర్నాడు పొద్దున కామేశ్వరమ్మగారు టీవీ ముందు కూర్చుని, "మీ నాన్నగారిని ఓసారి చూపించరా" అన్నారు. శేషు ఒకసారి భార్య వంక చూసి, టీవీలో ఫొటోల యాప్ తెరిచాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అన్నవరం మెట్ల మీద ఆయాసపడుతూ, మొహం చిట్లించుకున్న పెద్దాయన.

"ఫొటో అంటే ఎప్పుడూ ఇంతే విసుగు" అంటూ ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఇప్పుడాయన నాలో రెండు చోట్ల భద్రంగా ఉన్నారు. ఆవిడకు ఒక్కచోట కనిపించడమే ఎక్కువైనట్టుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.