పడమటి గది వాలు

అది మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావు. తొమ్మిదో తరగతిలో ఆఖరి పీరియడు. లెక్కల టీచరమ్మ ఎప్పటిలాగే బోర్డు మీద తక్కెడ బొమ్మ వేసి, ఒక పళ్ళెంలో ఎక్స్, మూడు అనీ, ఇంకో పళ్ళెంలో పది అనీ రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ పిల్లల వైపు తిరిగింది. సగం కళ్ళు మూతలు పడుతున్నాయి. కిటికీలోంచి ఎండ వచ్చి ముందు బల్లల మీద వాలింది.

"ఎక్స్ ఎంత?"

"ఏడు టీచర్," అన్నాడు రైలు. ఎక్కడా ఆగకుండా మాట్లాడతాడని వాడికి ఆ పేరు పెట్టారు.

"ఎలా వచ్చింది?"

"మూడుని అటు పంపించేశాను. అటు వెళ్తే గుర్తు మారుతుంది."

"ఎందుకు మారుతుంది నాయనా? దారిలో ఎవరైనా బెదిరించారా?"

తరగతి ఘొల్లున నవ్వింది. "ఏమో టీచర్. మా బాబాయి అలాగే చెప్పాడు, మార్కులు కూడా వేస్తారన్నాడు," అన్నాడు రైలు.

ఏటా జరిగే ముచ్చటే ఇది. టీచరమ్మ విసుక్కోదు. ఏదీ ఎటూ వెళ్ళదనీ, రెండు పళ్ళేల్లోంచీ మూడేసి తీశామనీ, అందుకే తక్కెడ నిలబడిందనీ మొదట్నుంచీ మళ్ళీ చెబుతుంది. జవాబు చెప్పే పిల్లలు ఆమెకు ఇష్టమే. ఎందుకని అడిగే పిల్లలంటే ప్రాణం. అలా అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో దొరుకుతారు. ఒకప్పుడు ఆమె చిన్నకూతురే ఆ ఒక్కరు.

ఇప్పుడు ఆ పిల్ల ఇదే తరగతిలో, కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఇంట్లో "అమ్మా" అంటుంది, బడి గేటు దాటగానే "టీచర్" అంటుంది. అది ఆ పిల్ల తనకు తాను పెట్టుకున్న పద్ధతి. రెండేళ్ళుగా ఏ పిలుపూ పెద్దగా వినపడటం లేదు. చెప్పింది రాసుకుంటుంది, చెయ్యి మాత్రం ఎత్తదు.

పెద్దపిల్ల పోయి రెండేళ్ళు కావస్తోంది. జ్వరమని ఆస్పత్రిలో చేర్చిన పిల్ల మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. ఆ పిల్ల పోయిన రోజు సాయంత్రం, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక, ఇల్లు ఒక్క మూలుగు మూలిగి పడమటి వైపు ఒరిగింది. పడమటిది పెద్దపిల్ల గది. అలా ఒరిగిన ఇల్లు మళ్ళీ లేవలేదు.

ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. పాలవాడు గుమ్మంలో ప్యాకెట్టు వదిలితే అది హాలంతా జారుకుంటూ పోయి పడమటి గది తలుపును ఆనుకుని ఆగేది. పక్కింటావిడ గోడ మీంచి, "వదినా, మావాడి బంతి మీ వాకిట్లో పడింది, పడమటి గదిలో ఉంటుంది చూడు," అని కేకేసేది. టీచరమ్మ భర్త వడ్రంగి. మంచాలకూ, పొయ్యి గట్టుకూ, బీరువాకూ పల్లం వైపు చెక్కముక్కలు ఎత్తు పెట్టాడు. మనుషులకు తప్ప ఆ ఇంట్లో అన్నింటికీ ఎత్తు పెట్టాడు. బరువుకి బరువు సరిపోతుందేమోనని తన దుంగలన్నీ మోసుకొచ్చి తూర్పు గదిలో పేర్చి చూశాడు. కర్ర బరువును ఆ ఇల్లు లెక్కలోకి తీసుకోలేదు.

తూర్పు గది చిన్నదానిది. రాత్రిళ్ళు మంచం కోడు పట్టుకుని పడుకునేది.

టీచరమ్మకు పడమటి గదిలోకి వెళ్ళడం తేలిక. వంట ముగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని హాల్లోకి వస్తే చాలు, కాళ్ళు వాటంతటవే దిగేవి. తిరిగి ఎక్కి రావడమే ఆయాసం. ఒట్టి చేతులతో ఎప్పుడూ దిగేది కాదు. చిన్నదానికి ఏది కొన్నా పెద్దదానికీ కొనేది. రిబ్బన్లు, పెన్సిళ్ళు, చలికాలం స్వెట్టరు, ఏదైనా సరే. చెప్పుల కొట్టాయన అడక్కుండానే రెండు జతలు తీసి బల్ల మీద పెట్టేవాడు.

"పెద్దమ్మాయికి ఒక సైజు ఎక్కువ కదూ టీచరమ్మా?"

"అవునండీ. అక్క కదా."

రెండు వైపులా ఒకటే కలిపితే తక్కెడ చెదరదు. బడిలో పిల్లలకు చెప్పిన మాటనే ఆమె ఇంట్లోనూ పట్టుకుంది. ఇద్దరికీ సమానంగా పెడుతూ ఉంటే ఏదో ఒకనాటికి ఇల్లు నిలబడుతుందని, భగవంతుడు అంత లెక్క తెలియనివాడు కాడని నమ్మింది.

మొన్న ఆదివారం వడ్రంగి అక్కగారు వచ్చింది. టీ గ్లాసు కింద పెడితే జారిపోతుందని ఒళ్ళోనే పెట్టుకుని తాగింది. "ఒరేయ్ తమ్ముడూ, మీరిద్దరూ ఎలాగూ ఇలా అలవాటు పడ్డారు. పిల్లేం చేసిందిరా? ఈ వాలులో పెరిగితే నడుం వంకరపోదూ? నా దగ్గరికి పంపండి. మా ఊళ్ళోనూ బడి ఉంది, పైగా మా ఇల్లు బల్లపరుపుగా ఉంటుంది," అంది.

చిన్నది వద్దంటుందని టీచరమ్మ ఎదురుచూసింది. ఆ పిల్ల తల ఎత్తకుండా, "వస్తాను అత్తా," అంది.

"బుధవారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తాను. సంచి సర్దుకో," అని ఆవిడ వెళ్ళిపోయింది.

రేపే బుధవారం. బోర్డు ముందు నిలబడ్డ టీచరమ్మకు పొద్దుటినుంచీ అదే తలపు. సుద్దముక్క మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"సరే, మూడు తీశాం. తీసే బదులు రెండు వైపులా అయిదు కలిపామనుకోండి. తక్కెడ ఏమవుతుంది?"

"సమానంగానే ఉంటుంది టీచర్," అంది తరగతి ఏకకంఠంగా.

కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. టీచరమ్మ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు, అది ఎవరి చెయ్యో.

"ముందు సమానంగా ఉంటేనే కదా టీచర్," అంది చిన్నది, లేచి నిలబడి.

"అంటే?"

"ఒక వైపు ఏడు, ఇంకో వైపు మూడు ఉన్నాయనుకోండి. రెండు వైపులా అయిదేసి కలిపితే పన్నెండు, ఎనిమిది. అప్పుడూ నాలుగు తేడా, ఇప్పుడూ నాలుగే తేడా. వందేసి కలిపినా నాలుగే. ఒరిగింది ఒరిగినట్టే ఉంటుంది."

తరగతంతా టీచరమ్మ వైపు తిరిగింది. వాళ్ళలో సగం మంది ఆదివారాలు ఆ ఇంట్లో కూర్చుని లెక్కలు చేసినవాళ్ళే. జారిపోయే పెన్సిళ్ళ కోసం పడమటి గది తలుపు దాకా వెళ్ళి వచ్చినవాళ్ళే.

టీచరమ్మ బోర్డు మీద ఏడు, మూడు అని రాసింది. "మరి సమానం కావాలంటే ఏం చెయ్యాలి?"

చిన్నది కాసేపు బోర్డు వైపు చూసింది. "ఏడులోంచి రెండు తీసి మూడులో పెట్టాలి. అటు అయిదు, ఇటు అయిదు. తేడా నాలుగైనా, మోసుకురావాల్సింది రెండే." కూర్చోబోతూ, చాలా నెమ్మదిగా అంది: "కొత్తగా ఏమీ కొనక్కర్లేదు టీచర్."

సుద్దముక్క టీచరమ్మ చేతిలోంచి జారి నేల మీద పడి అక్కడే ఆగిపోయింది. బడి నేలకు వాలు లేదు.

"టీచర్, మరి గుర్తు మారదా?" అన్నాడు రైలు. ఎవరూ నవ్వలేదు. గంట కొట్టారు.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు. అత్త ఊరు వెళ్ళే పిల్లకు కొత్త చెప్పులు కొంటానని తల్లి ముందే మాటిచ్చింది. కొట్టాయన వాళ్ళను చూడగానే రెండు జతలు తీసి బల్ల మీద పెట్టాడు. టీచరమ్మ పెద్ద జతను చేతిలోకి తీసుకుంది. అడుగుభాగాన్ని బొటనవేలితో నిమురుతూ చాలాసేపు నిలబడింది.

"ఇవాళ వద్దు లెండి," అంది చివరికి.

"ఏ జత వద్దు టీచరమ్మా?"

"రెండూ వద్దు. ఇంట్లో ఉన్నాయి."

ఇంటికి వెళ్ళగానే కాళ్ళు కడుక్కుని నేరుగా పడమటి గదిలోకి దిగింది. చిన్నది గుమ్మంలో, తలుపు పట్టుకుని నిలబడింది. సర్దిన సంచి తూర్పు గదిలో మంచం కోడుకి కట్టేసి ఉంది, జారకుండా.

"నన్ను విడిచి వెళ్ళాలని అంతగా ఉందా నీకు?" అని అడిగింది తల్లి, వెనక్కి తిరక్కుండానే.

"అది కాదమ్మా."

"మరి?"

"ఈ ఇంట్లో ఏది చెయ్యి జారినా అక్క దగ్గరికే పోతోంది. పెన్సిలు, బంతి, నువ్వు." పిల్ల గొంతు సన్నబడింది. "వచ్చే నెలకి నేను అక్క కన్నా పెద్దదాన్నయిపోతాను. నేను ఎక్కడికి పోవాలో నాకు తెలియడం లేదు. రాత్రిళ్ళు కోడు వదిలేస్తే నేనూ ఆ గదిలోకే జారిపోతానేమోనని భయం."

టీచరమ్మ బీరువా తలుపు తీసింది. చెప్పుల జతలు వరసగా ఉన్నాయి, ఒకదాని కన్నా ఒకటి కాస్త పెద్దవి. ఒక్కటీ నేలను తాకలేదు. ఎన్ని తరగతులకో ఎన్ని లెక్కలో దిద్దిన మనిషి, తన లెక్క ముందు అలా నిలబడిపోయింది. పెద్దదాని పాదాలు పెరుగుతూ ఉన్నట్టే ఇన్నాళ్ళూ కొంది. పక్కన నిజంగా పాదాలు పెరుగుతున్న పిల్ల చూస్తూ ఉంది.

ఆఖరున ఉన్న జత తీసి నేల మీద పెట్టింది. "వేసుకుని చూడు."

"అవి అక్కవి కదా."

"మీ అక్క వీటిని ఎప్పుడూ తొడుక్కోలేదమ్మా." వంగి చెప్పుల పట్టీ సరిచేసింది. తర్వాత అంది: "దాని పాదం అక్కడే ఆగిపోయింది."

రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. చిన్నది లోపలికి వచ్చి తల్లి భుజం మీద ముఖం పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. ఏడ్చాక తల్లి ఆ జత చేత్తో పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ హాలు ఎక్కి, తూర్పు గదిలో పెట్టి వచ్చింది. ఎక్కడో దూలం కిర్రుమంది.

స్వెట్టరు, పెన్సిళ్ళ పెట్టె, విప్పని రిబ్బను చుట్టలు ఒక్కొక్కటే మోసింది. సాయంత్రం పని నుంచి వచ్చిన వడ్రంగి, జుట్టునిండా రంపంపొట్టుతో గుమ్మంలో ఆగాడు. ఏం జరుగుతోందని అడగలేదు. సైకిలు గోడకు ఆనించి, చొక్కా చేతులు మడిచి, తనూ ఒక చెప్పుల జత అందుకున్నాడు. వస్తువు తూర్పుకి చేరిన ప్రతిసారీ ఇల్లు నొప్పులు పడుతున్నట్టు మూలిగి కాస్త లేచేది.

తల్లి ఇక ఆగలేకపోయింది. కొన్నవి అయ్యాక పెద్దపిల్ల సొంత వస్తువుల మీదకు చెయ్యి వెళ్ళింది. సిరా మరక ఉన్న యూనిఫాం, మడమ అరిగిన పాత చెప్పులు ఒళ్ళో వేసుకుని లేవబోయింది.

"చాలమ్మా," అంది చిన్నది. పెన్సిలు ఒకటి హాలు మధ్యలో పెట్టింది. అది పడమటికి కాస్త కదిలి, ఆలోచించినట్టు ఆగిపోయింది. "ఇంక తెస్తే నావైపు ఒరుగుతుంది. అవి అక్కవి. అక్కడే ఉండనీ."

మర్నాడు పొద్దున్న వడ్రంగి అక్కగారు మొదటి బస్సుకే వచ్చింది. అలవాటు కొద్దీ పల్లంలోకి వేసినట్టు కాలు వేసి, తూలి, తలుపు పట్టుకుంది. "ఏమిట్రా ఇది, చెప్పొద్దూ ముందు?" అంది.

ఎవరికీ తీరిక లేదు. నేల చదునయ్యేసరికి ఎత్తు పెట్టిన మంచాలూ, బీరువా, పొయ్యి గట్టూ అన్నీ ఇప్పుడు తూర్పుకి వంగి ఉన్నాయి. తండ్రీ కూతుళ్ళు నేల మీద బోర్లా పడుకుని చెక్కముక్కలు లాగుతున్నారు.

"అత్తా, ఆ కోడు కాస్త ఎత్తి పట్టుకో," అంది చిన్నది మంచం కిందినుంచి.

ఆవిడ చేతిసంచి కింద పెట్టింది. అది పెట్టినచోటే ఉంది. దాని వైపు ఒకసారి, కోడుకి కట్టేసి ఉన్న పిల్ల సంచి వైపు ఒకసారి చూసింది. కొంగు బిగించి మంచం ఎత్తింది. ముక్క ఊడి వచ్చాక, "ఆ సంచి ముడి కూడా విప్పేయండి. నేను పదకొండింటి బస్సుకి పోతాను. ఈలోపు ఎవరైనా టీ పెడితే గ్లాసు కింద పెట్టుకుని తాగుతాను," అంది.

టీచరమ్మ టీ పెట్టి ఇచ్చింది. బడికి తయారై, ఎప్పటిలా హాల్లోకి వచ్చి నిలబడింది. కాళ్ళు ఎటూ వెళ్ళలేదు. చాలాసేపు చూసింది. ఇకమీదట ఆ గదికి వెళ్ళాలంటే తనే వెళ్ళాలి. ఆఖరికి తనే నడిచి వెళ్ళి, పాత చెప్పుల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు, ఎక్కడానికి అలవాటుపడ్డ కాళ్ళు ఎత్తు కోసం వెతికి, దొరక్క తడబడ్డాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు, కాస్త వదులుగా.

"టీచర్, బెల్లు కొట్టేస్తారు," అంది చిన్నది, బడి గేటు ఇంకా రాకముందే.

హాలు మధ్యలో పెన్సిలు రాత్రి ఆగినచోటే ఉంది. టీచరమ్మ వంగి దాన్ని తీసి, కూతురి చేతిలో పెట్టింది.