నలభై వాట్ల బల్బు

డిసెంబరులో కమలాకర్ సార్ బదిలీ మీద వెళ్ళిపోయాక ఆ ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. కొత్తవాళ్ళు వస్తారని రెండు వారాలు చూశారు. ఎవరూ రాలేదు. జనవరి మొదట్లో హెడ్మాస్టర్ శ్రీదేవిని గదిలోకి పిలిచి, "మీరు బయాలజీ చెప్తరు గద మేడం. రెండూ సైన్సే. పదో తరగతి పిల్లల్ని జర ఒడ్డెక్కియ్యండి" అన్నాడు.

శ్రీదేవి కాదనలేకపోయింది. ఇంటర్లో ఆమె ఫిజిక్స్ అత్తెసరు మార్కులతో పాసైంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆ పుస్తకం ముఖం చూడలేదు. జీవశాస్త్రం సంగతి వేరు. గుండె పాఠం వచ్చినప్పుడు పక్కనున్న రామన్నపేటలోని మటన్ కొట్టు నుంచి గొర్రె గుండె తెచ్చి, బ్లేడుతో కోసి, కవాటాల్లో పిల్లల చేత వేలు పెట్టించి చూపించేది. వాళ్ళు ఏం అడిగినా ఆమెకు సంతోషమే. ఫిజిక్స్ మొదలుపెట్టాక మాత్రం అడగనిచ్చేది కాదు. పొద్దున నల్లగొండ నుంచి వచ్చే బస్సులో గైడు తెరిచి, ఆ రోజు లెక్కలు రెండుసార్లు చదువుకుని, బోర్డు మీద ఉన్నదున్నట్టు ఎక్కించేది. పిల్లలు రాసుకునేవాళ్ళు. గంట కొట్టగానే గబగబా బయటికి వచ్చేసేది.

పదో తరగతిలో పందొమ్మిది మంది. అందులో గ్లోరీ అనే అమ్మాయి రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. వాళ్ళ నాయిన జానయ్య ఊరి చివర కోడిపిల్లల షెడ్డులో పనిచేస్తాడు. తల్లి పుల్లమ్మ పత్తి ఏరడానికి పోతుంది. గ్లోరీ ఎక్కువ మాట్లాడదు. కానీ లెక్క దొరికితే చేసేదాకా వదలదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం విద్యుత్తు పాఠం అయిపోతుండగా ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, పాత పేపర్ల ఒకటుంది. నలభై వాట్ల బల్బు, వంద వాట్ల బల్బు శ్రేణిల కలిపితె ఏది ఎక్కువ వెలుగుతది?"

ఆ ప్రశ్న శ్రీదేవి చూసిన గైడులో లేదు. అప్పుడే వరండాలో నడుస్తున్న హెడ్మాస్టర్ తలుపు దగ్గర ఆగాడు.

"వంద వాట్లదే. అండ్ల అడిగేదేముంది? కూసో" అంది శ్రీదేవి.

గ్లోరీ కూర్చోలేదు. "నాకు నలభైదని వస్తాంది మేడం. దానికి నిరోధం ఎక్కువ గద. శ్రేణిల రెండింట్ల కరెంటు ఒక్కటే పోతది, గందుకని..."

ఆ పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది. శ్రీదేవికి సగం అర్థం కాలేదు. తలుపు దగ్గరి మనిషి వింటున్నాడన్న స్పృహ ఒక్కటే ఉంది. చేతిలోని చాక్‌పీసు గ్లోరీ వైపు చాపింది.

"నాకంటె నీకే ఎక్కువ తెలుసు గదా. రా, నువ్వే చెప్పు పాఠం."

పిల్లలు నవ్వారు. సైదులు అనే కుర్రాడు వెనక నుంచి, "పో మేడం, జెప్పు పో" అన్నాడు. గ్లోరీ చాక్‌పీసు అందుకోలేదు. తల వంచుకుని కూర్చుంది. 'వంద వాట్ల బల్బు ఎక్కువగా వెలుగుతుంది' అని పదిసార్లు రాసి సోమవారం తెమ్మంది శ్రీదేవి.

సాయంత్రం బస్సులో ఆమె గైడు వెనక అట్ట మీద ఆ లెక్క వేసి చూసుకుంది. నలభై దానికి నిరోధం పన్నెండు వందల పది, వంద దానికి నాలుగు వందల ఎనభై నాలుగు. ఆ పైన ఏం చేయాలో తోచలేదు. కానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. మర్నాడు ఇంటర్వెల్లో కమలాకర్‌కు ఫోన్ చేసింది. అతను ఆలోచించనైనా లేదు. "నలభైదే మేడం. అందరు వందని అనుకుంటరు. మంచి ప్రశ్న, ఎవరడిగిన్రు?" అన్నాడు. ఎవరో పిల్లలని చెప్పి పెట్టేసింది.

అదే రోజు క్లాసులో చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. సోమవారం చెబుదామనుకుంది. సోమవారం గ్లోరీ రాలేదు. మంగళ, బుధ కూడా రాలేదు. గురువారం వచ్చి, పదిసార్లు రాసిన కాగితం టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. ఒక్క అక్షరం వంకర లేదు. ఆ కాగితం పుచ్చుకుంటూ కూడా శ్రీదేవి నిజం చెప్పలేదు.

మార్చి మొదట్లో ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతూ గ్లోరీది తీసింది. జీవశాస్త్రంలో మూత్రపిండం బొమ్మ, దాని భాగాలు, అన్నీ చక్కగా ఉన్నాయి. భౌతికశాస్త్రంలో నిర్వచనాలు గైడులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాసింది. లెక్కలు అడిగిన చోటల్లా కాగితం తెల్లగా ఉంది. ఒకచోట మాత్రం రెండు వరుసలు మొదలుపెట్టి, పెన్నుతో గట్టిగా కొట్టేసింది. శ్రీదేవి కాగితాన్ని వెలుగుకు పెట్టి, కొట్టివేతల కింద ఏముందో చూసింది. ఆ రెండు వరుసలూ సరిగ్గానే ఉన్నాయి.

మరునాడు గ్లోరీని పిలిచి అడిగింది. "లెక్కలెందుకు ఇడిసిపెట్టినవు?"

"రావు మేడం."

"నీకు రాకపోవుడేంది?"

"నేను అనుకున్నయి తప్పయితున్నయి మేడం. బట్టీ పట్టినయే రాస్తున్న." అది కోపంగా అన్న మాట కాదు. వేరెవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

నోటితో చెబితే చాలదనిపించింది శ్రీదేవికి. కళ్ళతో చూపించాలనుకుంది. రామన్నపేటలో మూడు కరెంటు సామాన్ల దుకాణాలు తిరిగింది. ఎక్కడ చూసినా ఎల్‌ఈడీలే. "పాత బల్బులు ఇప్పుడెవరు కొంటరు మేడం? కోడిపిల్లల షెడ్లల్ల దొరుకుతయేమో, అక్కడ వేడికి గవే పెడ్తరు" అన్నాడు మూడో దుకాణం ఆయన.

బడి వదిలాక ఆమె ఊరి చివరి షెడ్డుకు నడిచింది. వారం నాటి కోడిపిల్లలు వేలల్లో పసుపు ముద్దల్లా బల్బుల కింద గుమిగూడి ఉన్నాయి. లోపల ఉక్క, రెట్టల వాసన. జానయ్య చేతిలో దాణా బకెట్టు కింద పెట్టి, లుంగీ దించుకుని బయటికి వచ్చాడు.

"మేడం, మీరెందుకొచ్చిన్రు ఇంతదూరం? పిల్లతోటి కబురు పంపితె నేనే వస్తుంటి గద."

బల్బులు కావాలని, వంద వాట్లది ఒకటి, నలభైది ఒకటి, పని కాగానే తిరిగి తెచ్చిస్తానని చెప్పింది. అతను లోపలికి పోయి వెతికి తెచ్చాడు. నలభైది దుమ్ము పట్టి ఉంటే బనీను అంచుతో తుడిచాడు. ఇస్తూ ఇస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"మా పిల్ల మీకు ఎదురు జెప్పిందంట. ఇంటికొచ్చి గూడ మేడం చెప్పింది తప్పు, నాదే కరెక్టు అని ఒకటే మొండి. చదువు చెప్పేటోళ్ళను గట్లంటవా అని రెండు దెబ్బలేసిన. చేతి గాజు పలిగి గుచ్చుకున్నది. గందుకే మూడు దినాలు రాలే. మీరు మనసుల పెట్టుకోకున్రి మేడం."

శ్రీదేవి రెండు బల్బులూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది. తప్పు నాదే అని చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. "సరే, వస్త" అని మాత్రం అంది. రోడ్డు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు మొదటి పీరియడ్‌లో ల్యాబు బీరువాలోని హోల్డర్లు రెండు తీసి, వైర్లు చుట్టి, టేపు వేసి, రెండు బల్బులనూ ఒకదాని తర్వాత ఒకటిగా, శ్రేణిలో కలిపింది. ప్లగ్గు పెట్టే ముందు అందరినీ దూరం జరగమంది. స్విచ్చి వేసింది. నలభై వాట్లది పసుప్పచ్చగా వెలిగింది. వంద వాట్లది అసలు వెలగలేదేమో అనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే లోపల సన్నటి ఎర్ర తీగ.

"గ్లోరీ చెప్పిందే కరెక్టు. నేను తప్పు చెప్పిన. తప్పని తెల్లారే నాకు తెలిసింది. తెలిసినంక గూడ ఇన్ని రోజులు చెప్పలే" అంది శ్రీదేవి.

పిల్లలంతా గ్లోరీ వైపు తిరిగారు. ఆ అమ్మాయి నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో అని శ్రీదేవి చూసింది. గ్లోరీ కాసేపు బల్బుల వైపే చూసి, లేచి అడిగింది.

"మరి మిగిలిన లెక్కలు మేడం? మీరు రెండు నెలల నుంచి రాయించినయి. అవన్ని కరెక్టేనా?"

పరీక్షలకు పదకొండు రోజులే ఉన్నాయి. "నాకు తెల్వది. చూసి చెప్త" అంది శ్రీదేవి.

పందొమ్మిది మంది నోటుబుక్కుల్లోనూ ఉన్నది ఒకటే కాబట్టి, గ్లోరీదే అడిగి తీసుకుంది. కమలాకర్‌కు ఫోన్ చేసి జరిగినదంతా దాచకుండా చెప్పి, రెండు రోజులు స్టాఫ్ రూములో కూర్చుని పేజీ పేజీ సరిచూసింది. ఇంకో రెండు తప్పులు దొరికాయి. కటకాల లెక్కలో గుర్తు ఒకటి, కరెంటు బిల్లు లెక్కలో ఒకటి. వాటిని బోర్డు మీద రాసి, కొట్టేసి, మళ్ళీ చేయించింది. సైదులు పుస్తకం మూసి, "నేను గా తప్పే బట్టీ పట్టిన మేడం. ఇప్పుడెట్ల మర్చిపోవాలె?" అన్నాడు. వాడు నిజంగానే భయపడ్డాడు.

సంగతి ఇళ్ళకు పోయింది. ఇద్దరు తండ్రులు బడికొచ్చి హెడ్మాస్టర్ మీద కేకలేశారు. వాళ్ళు వెళ్ళాక ఆయన శ్రీదేవితో, "తప్పు దిద్దితె దిద్దిన్రు. తప్పు చెప్పినని పిల్లల ముంగట చెప్పుడెందుకు? పరీక్షల ముందు వాళ్ళ ధైర్యమంత పోయింది" అన్నాడు.

"నాకు ఇద్దరు చెప్పేటోళ్ళ పని ఒప్పజెప్పిన్రు సార్. అప్పుడు నాకు రాదని చెప్తె బాగుండేది. గది చెప్పలేదు, అసలు తప్పు గదే" అంది ఆమె.

ఆ సాయంత్రం మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. బల్బులు తిరిగి ఇచ్చి, నిలబడే చెప్పింది. "జానయ్యన్నా, మీ బిడ్డ మొండితనం చెయ్యలే. ఆమె చెప్పిందే నిజం. తప్పు నాది."

జానయ్య చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. షెడ్డులోంచి కోడిపిల్లల కిచకిచలు ఆగకుండా వస్తున్నాయి.

"మొన్న మీరొచ్చిననాడు మీకు తెలుసా మేడం?"

"తెలుసు."

అతను తల ఊపాడు. "నేను కొట్టిన గద. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె దానికి?" అన్నాడు. అది ఆమెను అడిగినట్టు లేదు. బకెట్టు తీసుకుని లోపలికి పోయాడు.

పరీక్షలు జరిగాయి. ఏప్రిల్ చివర్లో ఫలితాలు వచ్చాయి. పందొమ్మిది మందిలో పదిహేడు మంది పాసయ్యారు. గ్లోరీకి సైన్సులో మంచి గ్రేడు వచ్చింది. సైన్సు తప్పిన ఇద్దరిలో సైదులు ఒకడు. పదిహేడంటే మంచి రిజల్టే అన్నాడు హెడ్మాస్టర్.

గ్లోరీ టీసీ కోసం తండ్రితో వచ్చింది. ఎడమ చేతి మీద గాజు గుచ్చుకున్న చోట చిన్న మచ్చ ఉంది. ఏ గ్రూపు తీసుకుంటావని శ్రీదేవి అడిగింది.

"ఎంపీసీ మేడం. నల్లగొండ గురుకులంల సీటొచ్చింది."

"డౌటేమన్న వస్తె ఫోన్ చెయ్. నాకు రాకపోతె వచ్చినోళ్ళను అడిగి చెప్త."

"సరే మేడం" అంది గ్లోరీ. రిజిస్టరులో సంతకం పెట్టి, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. గేటు దాటేదాకా జానయ్య కూతురికి రెండడుగులు వెనకే నడిచాడు. ఆ తర్వాత ఆమె నుంచి ఫోను రాలేదు.

సప్లిమెంటరీ జూన్‌లో. మే ఎండల్లో శ్రీదేవి వారానికి నాలుగు రోజులు బస్సెక్కి వచ్చి, బడి వరండాలో సైదులుకూ ఇంకో అమ్మాయికీ పాఠాలు చెప్పింది. ముందు రోజు కమలాకర్ దగ్గర ఫోన్లో నేర్చుకుని వచ్చేది. ఒకనాడు లెక్క సగంలో సైదులు పెన్ను ఆపి అడిగాడు.

"మేడం, మల్ల తప్పితె ఎట్ల?"

తప్పవులే అందామనుకుంది. అనలేదు. వాడి పుస్తకం తన వైపు తిప్పుకుని, ఎక్కడ ఆగిపోయాడో చూసి, ఆ వరుస నుంచి మళ్ళీ చేయమంది.