వెనక సీటు

కారు వెనక సీట్లో కూర్చున్న డ్రైవరుకు చెమటలు పోస్తున్నాయి. ఏసీ నడుస్తోంది, మెత్తటి సీటుంది, ఒంటిమీద పెద్దసారు ఇచ్చిన ఇస్త్రీ చొక్కా ఉంది. లేనిదల్లా చేతిలో స్టీరింగే. అది ముందు సీట్లో కాంట్రాక్టరు పెద్దసారు చేతుల్లో ఉంది.

"కుదురుగా కూర్చోరా. ఇవాళ ఓనరువి నువ్వు. ఆ కాలితో బ్రేకు తొక్కడం మానెయ్," అన్నాడు పెద్దసారు అద్దంలోంచి చూసి.

నిజమే. మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరు కాలు ముందు సీటును తొక్కుతోంది. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

నిరుడు ఓ సాయంత్రం బడి మెట్లు కూలాయి. పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. మెట్లు ఊడుస్తున్న ఆయా మాత్రం కింద చిక్కుకుంది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆ ఆయా డ్రైవరుకు వదిన. తల్లి పోయాక అతనికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అదే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సర్కారు అప్పుడు కదిలింది. విచారణ జరిపింది. మెట్లలో ఇసుకే తప్ప సిమెంటు లేదని తేల్చి, పెద్దసారు కంపెనీకి ఇక ఏ పనీ ఇవ్వకూడదని నిషేధం పెట్టింది. పేపర్లన్నీ శభాష్ అన్నాయి. నెల తిరక్కుండా కొత్త కంపెనీ పుట్టింది. మనుషులు వాళ్లే, మిక్సర్లు అవే. కాగితాల మీద ఓనరు మాత్రం డ్రైవరు.

"సంతకం పెడతావా, తాళాలిచ్చి వెళ్తావా?" అని అడిగాడు పెద్దసారు ఆనాడు. డ్రైవరు సంతకం పెట్టాడు. పన్నెండు వేల జీతం పదిహేను వేలైంది. పెరిగిన మూడు వేలూ వదిన మందులకే పోయేవి. ఎక్కడివని ఆమె అడగలేదు. "మా మరిది బంగారం. ఆ పాపిష్టివాడి కంపెనీని మూయించి సర్కారూ మంచి పని చేసింది," అని ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. ఆ పాపిష్టివాడు తన మరిది సారేనని ఆమెకు తెలీదు. ఆ మాట విన్నప్పుడల్లా అతను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పక్కకు తప్పుకునేవాడు.

కూలిన మెట్లు తిరిగి కట్టే పని ఆ కొత్త కంపెనీకే దక్కింది. ఈసారీ సిమెంటు బస్తాలు బడికి చేరలేదు. సగానికి సగం పెద్దసారు కట్టుకుంటున్న ఇంటికి వెళ్లాయి. వ్యానులో వాటిని తోలింది డ్రైవరే.

ఇప్పుడు సర్కారు ఇంకో నిబంధన తెచ్చింది. ఓనరు స్వయంగా వచ్చి, బడివాళ్ల ముందు పూచీ పడితేనే మెట్లు తెరవాలట. అందుకే ఈ చొక్కా, ఈ వెనక సీటు.

కారు బడి ముందు ఆగింది. ఆగీ ఆగగానే డ్రైవరు దిగి, చుట్టూ పరిగెత్తి, ముందు తలుపు తీసి పక్కకు ఒదిగి నిలబడ్డాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? పెద్దసారు పళ్లు నూరాడు. సర్కారు ఇంజనీరు చూసి కూడా చూడనట్టు దగ్గాడు.

"ఓనరుగారు మహా మర్యాదస్తుల్లా ఉన్నారే!" అన్నాడు నవ్వుతూ.

మేడ మీద గదుల్లో కూర్చోబోతున్నామని పిల్లలు వరండాలో బారులు తీరి ఉన్నారు. పక్కన హెడ్మిస్ట్రెస్. గంట దగ్గర, ఎడమచేత్తో గంట కొట్టే కర్ర పట్టుకుని వదిన. మరిదిని చూసి ఆమె మొహం వెలిగిపోయింది.

"ఒరే చిన్నోడా! కొత్త చొక్కా ఎక్కడిదిరా? మీ సారును తీసుకొచ్చావా?" అని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "కొత్త కంపెనీ ఓనరు వస్తున్నాడంట. ఎలా ఉంటాడో చూద్దామని నించున్నా. మంచోడేనా?"

డ్రైవరు ఆ చొక్కా అంచును కిందికి లాక్కున్నాడు. ఇంత సిగ్గు అతను జన్మలో ఎరగడు.

ఇంజనీరు మొదటి మెట్టు మీద ఓ కాలు పెట్టి ఇటు తిరిగాడు. "రండి ఓనరుగారూ. ఈ మెట్లకు పూచీ మీదే కదా? ఊ అనండి, పిల్లల్ని ఎక్కించేద్దాం."

వదిన అటూ ఇటూ చూసింది. ఓనరు ఎవరో ఆమెకింకా తెలియలేదు. పెద్దసారు చెయ్యి డ్రైవరు వీపును ముందుకు నెట్టింది. "ఊ అను," అన్నాడు చెవిలో.

"ఎక్కించకండి," అన్నాడు డ్రైవరు.

"ఏంటీ?"

"పిల్లల్ని ఎక్కించకండి సార్. సిమెంటు ఇందులో పడలేదు. ఈయన ఇంటికి తోలాను. నేనే తోలాను. అప్పుడూ ఓనరు ఈయనే, ఇప్పుడూ ఈయనే. పేరు మాత్రం నాది."

"ఎండకి మతిపోయింది వీడికి," అని పెద్దసారు గట్టిగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు మెట్టు మీది కాలును మెల్లిగా కిందికి దించుకున్నాడు. "సరే, ఇంకో రోజు చూద్దాం," అంటూ జీపు ఎక్కాడు. పెద్దసారు కారు కూడా దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

వదిన కదల్లేదు. "ఎప్పట్నించిరా?" అంది చివరికి.

"నీ చెయ్యి పోయిన మరుసటి నెల నించి, వదినా."

"మరి నా మందులు?"

డ్రైవరు తల దించుకున్నాడు. ఆమె గంట కర్ర గోడకు ఆనించింది. వరండాలోని బరువైన బెంచీ అంచును ఎడమచేత్తో పట్టుకుని, మెట్లకు అడ్డంగా వెయ్యడానికి లాగసాగింది. డ్రైవరు గబగబా వెళ్లి రెండో కొస అందుకోబోయాడు.

"నువ్వు ముట్టుకోకు," అంది వదిన.

చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఒంటిచేత్తో ఆమె లాగుతుంటే బెంచీ కాళ్లు గచ్చు మీద కీచుమంటూ, ఆగి ఆగి, మెట్ల వైపు జరుగుతున్నాయి.